నీడ పొట్టిగా పడే వేళ

మన దేశంలో బియ్యానికి కరువు వచ్చింది, కిరసనాయిలుకు కరువు వచ్చింది, మంచినీళ్ళకైతే ఏటా వస్తూనే వున్నది. ఎండకు మాత్రం కరువు వచ్చిందని ఇంతవరకు ఎవరూ మొరపెట్టుకోలేదు. మార్చి నెల దాటితే చాలు, ఎండ ఎక్కువైందనే మన గోల. అయినా యీ రోజుల్లో ఏ పట్నంలోనైనా రక్తపరీక్ష చేయించుకున్న నలుగురు ఒకచోట చేరితే వాళ్ళలో ఇద్దరు ముగ్గురు "నాకు డి విటమిను తక్కువట" అని చెప్పుకుంటున్నారు. ఎండవల్ల పుట్టే విటమిను ఎండల దేశంలో తక్కువ కావటమేమిటి? గోదావరి గట్టున నిలబడి గొంతు ఎండిపోతున్నదన్నట్టుంది వ్యవహారం.

డాక్టరుగారు కాస్త ఎండలో తిరగమంటారు. మర్నాటినుంచి బాబాయిగారు ఆరు గంటలకే లేచి, తలకు మఫ్లరు చుట్టుకుని, పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని పార్కు బల్లమీద లేత ఎండకు ఎదురుగా కూచుంటారు. పిన్నిగారు తూర్పు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, అద్దంలోనుంచి వచ్చే వెలుతురులో కూరలు తరుగుతూ వుంటారు. మూడు నెలలు గడిచిన తరవాత మళ్ళీ పరీక్ష చేయిస్తే లెక్క ఎక్కడిది అక్కడే వుంటుంది. వాళ్ళ శ్రద్ధలో లోపం లేదు. వాళ్ళు వెళ్ళిన వేళకు సరుకు ఇంకా దుకాణానికి రాలేదు, అంతే.

డి విటమిను అని పిలుస్తున్నామే గాని, నిజానికి ఇది తక్కిన విటమినుల జాతికి చెందినది కాదు. సి విటమిను ఉసిరికాయలో వుంటుంది. తింటే వస్తుంది, తినకపోతే రాదు. డి విటమిను చాలావరకు మన ఒంట్లోనే తయారవుతుంది. చర్మంలో కొలెస్టరాలుకు దగ్గర చుట్టమైన పదార్థం ఒకటి వుంటుంది. ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలున్నవి గదా, వాటిలో 'బి' రకం కిరణం తాకితే యీ పదార్థం రూపు మారి డి విటమిను అవుతుంది. అది రక్తంలో కలిసి కాలేయం దగ్గర ఒక మెరుగు, మూత్రపిండాల దగ్గర రెండో మెరుగు పెట్టించుకుని అప్పుడు పనిలోకి దిగుతుంది. దాని ముఖ్యమైన పని, తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగుల్లోనుంచి రక్తంలోకి చేరవెయ్యటం. అది లేకపోతే ఎన్ని పాలు తాగినా కాల్షియంలో చాలా భాగం వచ్చిన దారినే పోతుంది.

ఎముకకు కాల్షియం చాలకపోతే పసిపిల్లలకు ఎముకలు మెత్తబడతవి. నడక వచ్చేసరికి ఒంటి బరువుకు కాళ్ళు వంగి దొడ్డికాళ్ళవుతవి. ఇదే రికెట్స్ జబ్బు. మరీ తక్కువైతే చంటిబిడ్డకు ఫిట్స్ కూడా రావచ్చు. పెద్దవాళ్ళకు నడుము, తుంటి, తొడలు నొప్పులు. మెట్లెక్కాలన్నా, పీటమీద కూచుని లేవాలన్నా కష్టం. మగవాడికి నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి వెడతాడు. ఇంటి ఇల్లాలికి వస్తే దాన్ని వయసనీ, వాతమనీ, చాకిరీ అనీ ఏళ్ళతరబడి సరిపెట్టటం మన ఇళ్ళల్లో ఆచారంగా వస్తున్నది.

బెర్లిన్ దీపం

యీ జబ్బుకూ ఎండకూ వున్న చుట్టరికం తెలుసుకోవటానికి మనుషులకు దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది. ఇంగ్లండులో 1650లో గ్లిసన్ అనే వైద్యుడు రికెట్స్ గురించి పెద్ద గ్రంథమే రాశాడు. జబ్బు లక్షణాలు బాగా వర్ణించాడు గాని మూలం అంతుపట్టలేదు. తరవాత ఫ్యాక్టరీలు వచ్చినవి, బొగ్గుపొగ వచ్చింది, ఇరుకు సందుల్లో కూలివాళ్ళ ఇళ్ళు వచ్చినవి. వాటితోపాటే వంకరకాళ్ళ పిల్లలు వేలకొద్దీ కనిపించసాగారు. 1822లో పోలండు వైద్యుడు స్నియదెట్స్కీ, వార్సా నగరం నడిబొడ్డున వున్న పిల్లలకు యీ జబ్బు ఎక్కువనీ, పల్లెటూళ్ళ పిల్లలకు లేదనీ గమనించి, పిల్లల్ని ఎండలోకి తీసుకుపొండని చెప్పాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఎండ ఏమిటి, జబ్బు కుదర్చటమేమిటి అనుకున్నారు.

మళ్ళీ 1890లో పామ్ అనే ఇంగ్లీషు డాక్టరు అదే మాట అన్నాడు. ఆయన జపానులో కొన్నేళ్ళు మిషనరీ వైద్యుడుగా వుండి వచ్చాడు. అక్కడ కనపడని రికెట్స్ తన దేశంలో అడుగడుగునా కనిపించేసరికి ఆశ్చర్యపోయి, చైనా, ఇండియా మొదలైన దేశాల్లో పనిచేస్తున్న మిషనరీ డాక్టర్లకు ఉత్తరాలు రాశాడు. జవాబులన్నీ ఒక్కదారినే వచ్చినవి. తిండి అధ్వాన్నంగా వున్నచోట కూడా, ఎండ వుంటే యీ జబ్బు లేదు. పామ్‌గారి మాటనూ లోకం మరో ముప్ఫై ఏళ్ళు పక్కన పెట్టింది.

చివరికి 1919లో బెర్లిన్‌లో హుల్ద్‌షిన్స్కీ అనే పిల్లల డాక్టరు పాదరసపు ఆవిరి దీపం ఒకటి వెలిగించి, రికెట్స్ ముదిరిన పిల్లల్ని దానిముందు కూచోబెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి, తిండి లేక ఎముకలు తేలిన పిల్లలు వాళ్ళు. కొన్ని వారాలకు ఎక్స్‌రే తీస్తే ఎముకల్లో కొత్త కాల్షియం పడుతున్నట్టు కనిపించింది. అంతకన్న విచిత్రం ఇంకొకటున్నది. ఒక చేతికి మాత్రమే వెలుతురు పట్టించినా రెండో చెయ్యి కూడా బాగుపడింది. అంటే వెలుతురు ఎముకను నేరుగా బాగుచెయ్యటం లేదు. చర్మంలో ఏదో మందు పుట్టి రక్తంలో ప్రయాణం చేస్తున్నదన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే లండనులో మెల్లన్‌బీ కుక్కపిల్లలకు కాడ్ చేప నూనె పట్టి రికెట్స్ కుదిర్చాడు. ఎండ కుదురుస్తుందనే వర్గమూ, తిండి కుదురుస్తుందనే వర్గమూ కొంతకాలం తగువులాడుకున్నవి. రెండూ నిజమేనని తేలటానికి ఎంతోకాలం పట్టలేదు. 1922లో అమెరికాలో మెకాలమ్ ఆ చేప నూనెను కాచి, గాలి కొట్టించి, అందులోని ఏ విటమినును చంపేసినా రికెట్స్‌ను కుదిర్చే గుణం మిగిలే వుందని చూపించాడు. అప్పటికి ఏ, బి, సి అయిపోయినవి గనుక దీనికి డి అని పేరు పెట్టారు. దీని రసాయన స్వరూపాన్ని వెతికిన జర్మను శాస్త్రజ్ఞుడు విండౌస్‌కు 1928లో నోబెల్ బహుమానం వచ్చింది.

మన దేశంలో జరిగిన సంగతి మనవాళ్ళకు అంతగా తెలియదు. 1922లోనే నాసిక్‌లో హచిసన్, షా అనే ఇద్దరు డాక్టర్లు ఒక తలకిందుల వ్యవహారాన్ని బయటపెట్టారు. అక్కడ రికెట్స్ వున్నది పేదవాళ్ళ ఇళ్ళల్లో కాదు. పాలూ నెయ్యీ పుష్కలంగా వుండి, ఆడవాళ్ళూ పసిపిల్లలూ ఘోషాలో వుండే కలిగిన ఇళ్ళల్లో. పొలం గట్టున చీర ఉయ్యాలలో పెరిగిన కూలివాళ్ళ పిల్లలు గంజితాగినా కాళ్ళు తిన్నగా వున్నవి. తరవాత కాశ్మీరులో పనిచేసిన కాథ్లీన్ వాన్ అనే డాక్టరమ్మ, ఘోషా స్త్రీలకు కటి ఎముకలు మెత్తబడి వంగి, కాన్పు ప్రాణాంతకంగా మారుతున్నదని 1928లో పుస్తకమే రాసింది. నాలుగు గోడల మధ్య వుంచి కాపాడుకుంటున్నామనుకున్న కోడలు పురిటి మంచంమీద ప్రాణం పోగొట్టుకునేది.

ఆ ఘోషా ఇప్పుడు చాలావరకు పోయింది. కాని దాని అక్కచెల్లెళ్ళు వచ్చినవి. పగలంతా దీపాల కింద పనిచేసే ఆఫీసులు, ఎండ జొరని అపార్టుమెంట్లు, ట్యూషనుకూ ట్యూషనుకూ మధ్య వ్యాను తప్ప మరేమీ ఎరగని పిల్లలు. వీటన్నిటికీ మించినది ఒంటిరంగు పిచ్చి. "ఎండలో తిరగకే, నల్లబడిపోతావు" అనే మాట తెలుగిళ్ళల్లో వినని ఆడపిల్ల వుండదు. పెళ్ళి కావలసిన పిల్లయితే మరీను. హైదరాబాదు రోడ్లమీద స్కూటరు నడిపే అమ్మాయిలు కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా చున్నీ చుట్టుకుని, మోచేతులదాకా తొడుగులు వేసుకుని వెళ్ళటం చూస్తూనే వున్నాం. దుమ్ముకని అంటారు. కొంత దుమ్ముకే గాని, మిగతాది పెళ్ళిచూపులకే.

తిరుపతిలో చూసింది

ఇక మన లేత ఎండ విషయానికి వద్దాం. ఉదయపు ఎండ మంచిదని తాతల నాటినుంచి వింటున్నాం. హాయిగా వుంటుంది, నిద్రమత్తు వదులుతుంది, నడకకు అనువు, ఎవరూ కాదనరు. కాని డి విటమిను సంగతి వేరు. 'బి' రకం కిరణాలను భూమిచుట్టూ పైన వున్న ఓజోను పొర చాలావరకు పీల్చేస్తుంది. సూర్యుడు నడినెత్తిన వుంటే కిరణం ఆ పొరలోనుంచి నిట్టనిలువుగా, దగ్గరి దారిన దిగుతుంది. సూర్యుడు వాలుగా వుంటే అదే పొరలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణం చెయ్యాలి. కిందికి వచ్చేసరికి వెలుతురు మిగులుతుంది, వేడి కాస్త మిగులుతుంది, 'బి' కిరణం మాత్రం దారిలోనే ఖర్చయిపోతుంది.

దీన్ని మన గడ్డమీదే పరీక్షించి చూశారు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు హరినారాయణ్, ఆయన తోటివారు, బోస్టన్ నగరానికి చెందిన డి విటమిను పండితుడు మైకేల్ హాలిక్‌తో కలిసి చేసిన పని ఇది. మనిషి చర్మంలో వుండే ఆ కొలెస్టరాలు చుట్టాన్నే చిన్న గాజు ఆంపూళ్ళలో పోశారు. గాజు కూడా యీ కిరణాలను లోపలికి రానిచ్చే రకం. వాటిని పొద్దుటినుంచి సాయంత్రందాకా వేరువేరు వేళల్లో ఎండలో పెట్టి, ఏ ఆంపూలులో ఎంత మార్పు వచ్చిందో కొలిచారు. చర్మం రంగు, బట్టలు, మనిషి సోమరితనం, యీ పేచీలేమీ లేవు. ఎండ ఒక్కటే లెక్క. 2013లో అచ్చయిన ఫలితం ఏమంటే, ఏడాది పొడుగునా ఏ కాలంలోనైనా తిరుపతిలో యీ మార్పు బాగా జరిగేది పదకొండుకూ రెండింటికీ మధ్యన. మనం గొడుగు వేసుకునే వేళ, తలుపులు మూసి పడుకునే వేళ అన్నమాట!

గడియారం లేకపోయినా యీ వేళను కనిపెట్టే ఉపాయం ఒకటి వున్నది. ఎండలో నిలబడి మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా వుంటే ఆ ఎండలో డి విటమిను పుట్టేది స్వల్పం. నీడ మీకంటే పొట్టిగా వుంటే సరుకు దిగుతున్నదన్నమాట. ఆరున్నరకు పార్కులో బాబాయిగారి నీడ ఎదురుగోడ ఎక్కి వుంటుంది. ఇంక అక్కడ కూచుని లాభమేమిటి?

యీ లెక్కన చూస్తే మనం అదృష్టవంతులం. డిసెంబరు నెల చివర, సూర్యుడు బాగా దక్షిణానికి వాలిన రోజున కూడా, తిరుపతిలో అయిదున్నర అడుగుల మనిషికి మధ్యాహ్నం నాలుగడుగుల చిల్లర నీడే పడుతుంది. హైదరాబాదులో అయిదడుగులకు లోపే. ఉత్తరపు కొసన వున్న ఆదిలాబాదులో కూడా మనిషికంటే నీడ పొట్టిదే. అంటే తెలుగుదేశంలో ఏ మూలనైనా, సంవత్సరంలో ఏ రోజునైనా, మబ్బు పట్టకపోతే, ఎంతో కొంత డి విటమిను పుట్టే ఎండ వున్నదన్నమాట. మే 9 ప్రాంతాలా, మళ్ళీ ఆగస్టు మొదటివారంలోనూ హైదరాబాదులో మధ్యాహ్నం నిలువుకర్రకు నీడే వుండదు. పిల్లలకు చూపించండి, సరదాగా వుంటుంది.

"మే నెలలో నడిమధ్యాహ్నం ఎండలో నిలబడమంటారా, మీకేమైనా మతిపోయిందా?" అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. డి విటమిను కోసమని రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి వడదెబ్బ తగిలించుకోవటం తెలివైన పని కాదు. అవసరమూ లేదు. నీడ లెక్కే మళ్ళీ దారి చూపుతుంది. చలికాలంలో హైదరాబాదులో నీడ పొట్టిగా వుండేది సుమారు పదకొండునుంచి ఒంటిగంటన్నరదాకా మాత్రమే. కాని మే నెలలో తొమ్మిది దాటేసరికే నీడ మనకంటే పొట్టిదవుతుంది. కనుక వేసవిలో తొమ్మిదింటికీ పదింటికీ మధ్య, బట్టలారేసుకునే వేళకు, పని జరిగిపోతుంది. చలికాలంలో భోజనానికి ముందు కాసేపు, ఆ వేళకు ఎండ ఎలాగూ హాయిగానే వుంటుంది. ఎండలు ముదిరిన వేసవిలో పదకొండునుంచి నాలుగుదాకా నీడపట్టున వుండమని చెప్పే హెచ్చరికకూ దీనికీ తగువేమీ లేదు.

ఎంతసేపంటే, అందరికీ ఒకటే కొలత లేదు. మన ఒంటి నల్లదనం ఒక గొడుగులాంటిది. తెల్లవాడికి పది నిముషాల్లో జరిగే పనికి మనకు అంతకు కొన్ని రెట్లు పడుతుంది. ఆ గొడుగువల్లే చర్మపు క్యాన్సరు మనకు తక్కువ. తెల్లవాళ్ళు ఎక్కువగా స్థిరపడిన ఆస్ట్రేలియాలో దానికి భయపడి పిల్లలకు టోపీలు, పూతమందులు నేర్పుతారు. ఆ దేశపు సలహాను మనమూ, మన సలహాను వాళ్ళూ అరువు తెచ్చుకుంటే ఇద్దరికీ నష్టమే. మామూలుగా డాక్టర్లు మనవాళ్ళకు చెప్పేది, మొహమూ చేతులూ మాత్రమే కాక మోచేతులపైదాకా, మోకాళ్ళ కిందిదాకా ఎండ తగిలేలా ఇరవై ముప్ఫై నిముషాలు, వారంలో నాలుగైదు రోజులు. చర్మం ఎర్రబడేదాకా, కమిలేదాకా వుండనక్కర్లేదు. ఇక్కడ ప్రకృతి చేసిన తమాషా ఒకటి చెప్పాలి. చర్మంలో కొంత తయారైన తరవాత ఎండే ఆ మిగులును వేరే పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. అందుకే రోజంతా పొలంలో వున్న రైతుకు డి విటమిను ఎక్కువై విషమించటమనేది లేదు. గంటలకొద్దీ కూచున్నందువల్ల అదనపు లాభమూ లేదు.

కిటికీ అద్దం 'బి' కిరణాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. 'ఏ' రకం కిరణాన్ని మాత్రం రానిస్తుంది. కనుక పిన్నిగారికి కిటికీ దగ్గర కూచున్నందుకు చర్మం నల్లబడవచ్చునేమో గాని విటమిను రాదు. కిటికీ తలుపు తెరిస్తే చాలు. వయసు మళ్ళినవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. డెబ్భై ఏళ్ళ చర్మం ఇరవై ఏళ్ళ చర్మంతో పోలిస్తే సుమారు నాలుగోవంతే తయారుచెయ్యగలదు. అలాటివారికి ఎండతోనే సరిపెడతామంటే కుదరదు. డాక్టరు చెప్పిన మందు కావాలి. కంటి శుక్లాలకు ఎండ ఒక కారణం గనుక ఎండలోకి వెళ్ళేటప్పుడు తలకు టోపీయో కొంగో వుంచుకుని, చేతులకూ కాళ్ళకూ ఎండ పట్టనిస్తే మంచిది.

రాగి సంకటి మాట

తిరుపతి చుట్టుపక్కల చేసిన పరిశీలనల్లోనే మరో సంగతి బయటపడింది. పొలాల్లో పనిచేసే పల్లెటూరివాళ్ళకు పట్నవాసులకంటే డి విటమిను మెరుగ్గా వున్నది, అది అనుకున్నదే. కాని అంత ఎండలో వుండి కూడా వాళ్ళలో చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, చాలినంత లేదు. పల్లెలోనైనా పట్నంలోనైనా తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యపు పొట్టులో వుండే ఫైటేట్ ఎక్కువ అని తేలింది. యీ ఫైటేట్ కాల్షియాన్ని పట్టుకుని వదలదు. కాల్షియం తక్కువైతే శరీరం వున్న డి విటమినును తొందరగా ఖర్చుపెట్టేస్తుంది. ఎండ ఒక్కటే చాలదనటానికి ఇదే కారణం.

బియ్యంలో కాల్షియం లేనట్టే లెక్క. వంద గ్రాములకు పది మిల్లీగ్రాములు కూడా కష్టం. అదే రాగుల్లో మూడు వందల యాభై మిల్లీగ్రాముల ప్రాంతాన వుంటుంది. వీటినే కోస్తాలో చోళ్ళనీ, తెలంగాణాలో తైదలనీ అంటారు. రాయలసీమ సంకటినీ, ఉత్తరాంధ్ర చోడి అంబలినీ పేదల తిండి అని పక్కకు నెట్టి తెల్లన్నానికి ఎగబడిన మనం, ఇప్పుడు అదే రాగిపిండిని అందమైన డబ్బాల్లో కొనుక్కుంటున్నాం. ఒకవిధంగా మంచిదే. పాతవాళ్ళు అంబలిని పులియబెట్టేవారు, రాగుల్ని మొలకెత్తించి పిండి కొట్టేవారు. పులిసినా మొలకెత్తినా ఫైటేట్ తగ్గుతుంది. వాళ్ళకు ఆ మాట తెలియదు గాని పని తెలుసు.

వంకరకాళ్ళన్నీ డి విటమిను పాపమే అనుకోవటమూ పొరపాటే. నల్గొండ ప్రాంతంలో నీళ్ళలోని ఫ్లోరైడువల్ల మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా వంగిపోయిన సంగతిని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు లోకానికి తెలియజేశారు. అక్కడ జబ్బు నీళ్ళలో వుంది. ఎండలో కూచోబెడితే పోదు.

మరి తిండిలో డి విటమిను లేదా అంటే, వుంది గాని కొద్ది. గుడ్డులో పచ్చసొన, కానాగంతలు, కవళ్ళు వంటి నూనె చేపలు. శాకాహారులకు దాదాపు ఏమీ లేదు. మామూలు పాలలో కూడా వుండేది లేశమే. అందుకే కొన్ని కంపెనీలు పాలలోనూ వంటనూనెలోనూ ఏ, డి విటమినులు కలిపి అమ్ముతున్నవి. ప్యాకెట్టుమీద నీలిరంగులో ప్లస్ ఎఫ్ అనే గుర్తు వుంటే అందులో కలిపినట్టు.

పొడి పొట్లం, దాని ప్రమాదం

ఇప్పుడు మందుల దుకాణాల్లో అరవై వేల యూనిట్ల పొడి పొట్లాలు, గోళీలు, చిన్న సీసాలు ధారాళంగా దొరుకుతున్నవి. తక్కువ వున్నట్టు తేలినవారికి డాక్టరు దీన్ని వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తాడు. మంచి మందే. చిక్కు ఎక్కడంటే, మనకు వారానికొకసారి మందు అలవాటు లేదు. మందంటే రోజూ మింగేదే. మూడు నెలల మందును మూడు వారాల్లో ముగించి, "నీరసం తగ్గలేదండీ" అని మరో పెట్టె కొనేవాళ్ళున్నారు. పక్కింటి వదినగారికి పనిచేసిందని చీటీ లేకుండా తెప్పించుకునేవాళ్ళూ, ఒకే నొప్పికి ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షను విడివిడిగా పొడిపించుకునేవాళ్ళూ కూడా వున్నారు.

ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజుకు కావలసినది, మన వైద్య పరిశోధన మండలి 2020లో కట్టిన లెక్క ప్రకారం, ఆరు వందల యూనిట్లు. ఒక్క పొట్లంలో వంద రోజుల సరుకు వుందన్నమాట. ఎండవల్ల పుట్టినదానికి ప్రకృతి కాపలా వున్నది గాని నోట్లో వేసుకున్నదానికి ఏ కాపలా లేదు. కొవ్వులో చేరి వారాలు, నెలలు నిలవ వుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మతిమరుపు, చివరికి మూత్రపిండాలు చెడిపోవటం. ఇంగ్లండులో రెండో యుద్ధం తరవాత పసిపిల్లల పాలపొడిలోనూ, తిండిలోనూ, చేప నూనెలోనూ అన్నిటా దండిగా డి విటమిను పోశారు. రికెట్స్ తగ్గింది, కాని 1950ల మొదట్లో కొందరు బిడ్డలకు కాల్షియం పెరిగి తిండి మానేసి చిక్కిపోవటం చూసి, 1957లో ఆ మోతాదులు తగ్గించుకున్నారు. ప్రభుత్వాలే పొరబడగా లేనిది మన వంటింటి అలమారులో పొరబాటు జరగటం ఎంతసేపు?

అసలీ విటమిను గుండెజబ్బు ఆపుతుందనీ, క్యాన్సరు రానివ్వదనీ, సర్వరోగ నివారిణి అనీ కొంతకాలం మహా ప్రచారం జరిగింది. అమెరికాలో పాతికవేల పైచిలుకు మందికి, కొందరికి నిజమైన డి విటమిను రోజుకు రెండు వేల యూనిట్లు, కొందరికి ఉత్త గోళీలు ఇచ్చి అయిదేళ్ళు చూశారు. 2018లో వచ్చిన ఫలితంలో గుండెజబ్బులోనూ క్యాన్సరు రావటంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2022లో ఎముకలు విరగటం గురించి చూస్తే అక్కడా తేడా లేదు. లోటు లేనివాళ్ళకు అదనంగా పోస్తే ఒరిగేదేమీ లేదని దీని అర్థం. లోటు వున్నవాళ్ళ మాట వేరు. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులు ఊరికే యీ రక్తపరీక్ష చేయించుకోనక్కర్లేదని అమెరికాలోని హార్మోను వైద్యుల సంఘం 2024లో సలహా ఇచ్చింది. ప్యాకేజీ పేరు చెప్పి పరీక్షలు అంటగట్టే దుకాణాలకు యీ సలహా రుచించదనుకోండి!

లోటుకు నిజంగా అవకాశం వున్నవాళ్ళు ఎవరంటే, గర్భిణీలు, బాలింతలు, ఇల్లు కదలని వృద్ధులు, ఒళ్ళంతా కప్పుకునేవారు, మూత్రపిండాల, కాలేయపు జబ్బులున్నవారు. అందరికన్నా ముందు చంటిపిల్లలు. తల్లిపాలను మించిన ఆహారం లేదు. కాని డి విటమిను విషయంలో తల్లిపాలు పేదవి. తల్లికే లేనిది బిడ్డకు ఎక్కడినుంచి వస్తుంది? పసిబిడ్డకు నూనె రాసి, నలుగుపెట్టి, లేత ఎండలో పడుకోబెట్టే అలవాటు ముద్దుగానే వుంటుంది. ఆ వేళ ఎండలో విటమిను లేదు. విటమిను వున్న వేళ ఎండను ఆరు నెలల లోపు బిడ్డ చర్మం ఓర్చుకోలేదు. అందుకనే పుట్టిన కొద్ది రోజులనుంచి ఏడాదిదాకా రోజుకు నాలుగు వందల యూనిట్ల చుక్కలు వెయ్యమని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. పుట్టు కామెర్లు కూడా పొద్దుటెండలో పోతాయని కొందరంటారు. దాన్ని నమ్ముకుని ఆలస్యం చెయ్యకూడదు. కామెర్లు ఎక్కువైతే ఆస్పత్రిలో నీలి దీపం కింద పడుకోబెట్టవలసిందే.

అమెరికాలో కూతురి పురుటికని వెళ్ళే అమ్మలకు ఇంకో మాట. అక్కడ ఎండ వుంటుంది, కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది కూడా. కాని బోస్టన్‌లో డిసెంబరు మధ్యాహ్నం అయిదున్నర అడుగుల మనిషి నీడ పన్నెండడుగులు సాగుతుంది. నవంబరునుంచి ఫిబ్రవరిదాకా అక్కడి ఎండలో చర్మానికి డి విటమిను పుట్టదని 1988లోనే పరీక్షచేసి తేల్చారు. ఎంతసేపు బాల్కనీలో నిలబడ్డా ఒకటే. గ్లాస్గోలో స్థిరపడిన పాకిస్తానీ కుటుంబాల్లో పెరిగిన పిల్లలకు రికెట్స్ రావటం 1962లోనే డాక్టర్లు రాశారు. మన రంగు, వాళ్ళ ఆకాశం రెండూ కలిస్తే జరిగేది అదే. కనుక బిడ్డతోపాటు ఆస్పత్రివాళ్ళు చెప్పే చుక్కలమందును "మా కాలంలో ఇవన్నీ వున్నాయా" అని అటక ఎక్కించకండి. సీసా కొన్నప్పుడు ఒక చుక్కకు నాలుగు వందల యూనిట్లా, ఒక మిల్లీలీటరుకా అన్నది చీటీమీద చదివి చూసుకోవాలి. రెండు రకాలూ అమ్ముతారు. ఒక సీసాతో వచ్చిన గొట్టంతో ఇంకో సీసా మందు వెయ్యకూడదు.